కాల్షియం ఎక్కువ, పీటీహెచ్ తక్కువ: మూత్రపిండాల మీద కూర్చున్న అనుమానితులు

కాల్షియం 11.8. పీటీహెచ్, అంటే పారాథైరాయిడ్ హార్మోన్, 7. ఈ రెండు అంకెలూ ఒకే పేరు కింద కనబడితే నేను చేతిలో ఉన్న టీ గ్లాసు పక్కన పెట్టేస్తాను.

దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో బయోకెమిస్ట్‌ని నేను. షుగర్లు, థైరాయిడ్లు, కొలెస్ట్రాళ్లు వరదలా వచ్చే చోట కాల్షియం పెద్దగా గొడవ పెట్టని పరీక్ష. డెసిలీటరు రక్తంలో 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది, ఎవరిది చూసినా దాదాపు అంతే. ఒకే మనిషిని ఏళ్ల తరబడి చూస్తే ఆ హద్దులు ఇంకా ఇరుకు. పండగకి పాయసం తాగినా, శ్రావణ శనివారం పస్తున్నా పెద్దగా కదలదు. అలాంటి అంకె గీత దాటిందంటే ఊరికే దాటదు.

అయితే ముందు మా ఇంటి దొంగల్ని చూసుకోవాలి. నరం దొరకలేదని చేతికి పట్టీ చాలాసేపు బిగించి ఉంచితే కాల్షియం కాస్త పెరిగినట్టు వస్తుంది. రక్తంలోని కాల్షియంలో సుమారు నలభై శాతం ఆల్బుమిన్ లాంటి ప్రొటీన్లని అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి ఆల్బుమిన్ పెరిగినా తగ్గినా లెక్క మారుతుంది. ఇక ఊదా మూత ట్యూబులోంచి ఎర్ర మూత ట్యూబులోకి రక్తం వంచే మహానుభావులుంటారు. ఊదా ట్యూబులో ఉండే ఈడీటీఏ అనే రసాయనం కాల్షియాన్ని పట్టేస్తుంది, పైగా అది పొటాషియం లవణం. అప్పుడు కాల్షియం 5కి పడిపోయి, పొటాషియం చుక్కలనంటుతుంది. కాగితం మీద చచ్చిపోయిన మనిషి బయట కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. కొత్తగా చేరిన పిల్లలకి నేను నేర్పే మొదటి పాఠం ఇదే.

అవేవీ కాదని తేలాక పీటీహెచ్ వైపు చూస్తాం. మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దవిగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి. 1880లో ఐవార్ శాండ్‌స్ట్రోమ్ అనే స్వీడన్ వైద్య విద్యార్థి మనిషిలో వీటిని వివరించాడు. రక్తంలో కాల్షియం కొంచెం తగ్గగానే అవి పీటీహెచ్ వదులుతాయి. ఆ హార్మోన్ ఎముకలోంచి కాల్షియం తీయిస్తుంది, మూత్రంలో పోయేదాన్ని ఆపుతుంది, మూత్రపిండంలో విటమిన్ డి చివరి రూపమైన కాల్సిట్రయోల్‌ని తయారు చేయించి పేగు ద్వారా ఇంకొంత రప్పిస్తుంది. కాల్షియం పెరిగితే పీటీహెచ్ ఆగిపోతుంది. థైరాయిడ్‌లో పుట్టే కాల్సిటోనిన్ అనేది ఇంకొకటుంది కానీ మనిషిలో దాని ప్రభావం స్వల్పం. ఇంటర్ పుస్తకం నుంచి ఎంబీబీఎస్ దాకా కాల్షియం కథ ఈ ముగ్గురితో ముగుస్తుంది. మూత్రపిండాల మీద కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథుల పేరు ఆ పాఠంలో రాదు. వచ్చినా ఒక మూలన, చిన్న అక్షరాల్లో. నా అభ్యంతరం దాని గురించే.

11.8 వచ్చిన మనిషి సూర్యాపేట వైపు రైతు. ఆల్బుమిన్ బాగానే ఉంది. పీటీహెచ్ 7 అంటే మామూలుగా ఉండాల్సిన 15 నుంచి 65కి బాగా కింద. అంటే పారాథైరాయిడ్ నిర్దోషి. కాల్షియం ఎక్కువైందని చూసి అది తన పని ఆపేసుకుంది. మరి తెచ్చి పోస్తున్నదెవరు? ఇలాంటప్పుడు డాక్టర్లు ముందు క్యాన్సర్‌ని వెతుకుతారు, వెతకాలి కూడా. తర్వాత విటమిన్ డి. మన దగ్గర 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్‌ని వారానికొకటి చొప్పున రెండు నెలలు వాడమంటే, ఒళ్లు నొప్పులు తగ్గాయని ఏడాదిన్నర వాడేవాళ్లున్నారు. ఈయనకి విటమిన్ డి మామూలుగానే ఉంది. కానీ అదే కాగితం మీద ఇంకో రెండు అంకెలున్నాయి: సోడియం 126, పొటాషియం 5.7. సోడియం కింద, పొటాషియం పైన. నేను కిందకి దిగి కలెక్షన్ రూముకెళ్లి చూశాను. మనిషి చిక్కిపోయి ఉన్నాడు. "ఎండల పనిజేస్తె నల్లబడ్డరు మేడం" అంది భార్య. ఎండ చిగుళ్ల మీద పడదు. అరచేతి గీతలు కూడా నల్లగా ఉన్నాయి.

మా పాథాలజిస్ట్ సారు ఆ డాక్టర్‌కి ఫోన్ చేసి అడ్రినల్స్ తయారు చేసే కార్టిసాల్ హార్మోన్‌ని ఉదయం ఎనిమిదింటికి చూద్దామన్నారు. 2.4 వచ్చింది. ఆ వేళలో పదికి పైన ఉండాల్సినది. కార్టిసాల్ చేయమని అడ్రినల్స్‌కి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే ఏసీటీహెచ్ మాత్రం ఆకాశంలో ఉంది. చిగుళ్లు నల్లబడటం దాని పనే. కింద పని చేసేవాడు లేడు, పైనుంచి కేకలు మాత్రం ఆగలేదు.

అడ్రినల్స్ దెబ్బతింటే కాల్షియం ఎందుకు పెరుగుతుందో వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇందులో ఒక్క కారణం లేదు. అడ్రినల్స్ చేసే ఇంకో హార్మోన్ ఆల్డోస్టెరోన్ లేకపోతే ఉప్పు మూత్రంలో కారిపోతుంది, వెంట నీళ్లు పోతాయి. రక్తం పరిమాణం తగ్గుతుంది. మూత్రపిండం వడకట్టే రక్తమే తగ్గిపోతే బయటికెళ్లే కాల్షియమూ తగ్గుతుంది. ఉన్న కాస్త ఉప్పునైనా దక్కించుకుందామని మూత్రపిండంలో మొదటి భాగపు నాళాలు సోడియాన్ని గట్టిగా పీల్చుకుంటాయి. అక్కడ సోడియం వెంట కాల్షియం కూడా లోపలికొచ్చేస్తుంది. ఇంకో పక్క కార్టిసాల్ మామూలు రోజుల్లో పేగు దగ్గర విటమిన్ డి దూకుడికి పగ్గం వేస్తూ ఉంటుంది, ఎముక దగ్గర థైరాయిడ్ హార్మోన్‌కి కూడా. పగ్గం పోయాక పేగు నుంచి ఎక్కువ వస్తుంది, ఎముక నుంచి ఎక్కువ జారుతుంది. మూడు వైపులా రాబడి, ఒక్క వైపే ఖర్చు, అదీ మూసుకుపోయింది. అడ్రినల్ దెబ్బతిన్న అందరికీ ఇలా కాదు, కొద్దిమందికే. అందుకే ఎవరికీ ముందుగా గుర్తుకు రాదు.

సెలైన్, కార్టిసాల్‌నే మందుగా చేసిన హైడ్రోకార్టిసోన్ పెట్టాక కాల్షియం కొద్ది రోజుల్లోనే దిగింది. మళ్లీ మా దగ్గరికి వచ్చిన శాంపిల్‌లో 9.4. కాల్షియం తగ్గించే మందంటూ ఏదీ వాడలేదు.

ఆయన అడ్రినల్స్‌ని తిన్నది టీబీ. థామస్ అడిసన్ 1855లో లండన్‌లో ఈ జబ్బుని మొదటిసారి వివరించినప్పుడు కూడా ఆయన చూసిన గ్రంథుల్లో చాలావాటిని నాశనం చేసింది టీబీయే. తర్వాత పాశ్చాత్య దేశాల్లో టీబీ తగ్గిపోయి, సొంత రోగనిరోధక శక్తే అడ్రినల్ మీద తిరగబడటం ముఖ్య కారణమైంది. మన దగ్గర మాత్రం టీబీ, హిస్టోప్లాస్మా అనే ఫంగస్ ఇంకా ఆ వరసలో ముందే ఉన్నాయి. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఓపీ వరసలో ఒక పూట నిలబడి చూస్తే టీబీ పాత కథ కాదని తెలుస్తుంది.

టీబీ దగ్గర కాల్షియం కథ ఇంకా చిక్కుపడుతుంది. టీబీ గడ్డల్లో ఉండే మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు సొంతంగా కాల్సిట్రయోల్ తయారు చేసుకోగలవు, పీటీహెచ్ మాట అవి వినవు. అంటే అడ్రినల్ బాగున్నా సరే, టీబీలో కాల్షియం పెరగొచ్చు. దానికి తోడు బలానికని ఎవరో విటమిన్ డి ప్యాకెట్లు రాసిస్తారు. ఇక రిఫాంపిసిన్. మూత్రాన్ని నారింజ రంగు చేసే ఆ టీబీ గోలీ కాలేయంలో ఎంజైముల్ని ఎగదోసి కార్టిసాల్‌ని త్వరగా విరగ్గొట్టిస్తుంది. అడ్రినల్స్ అంతంత మాత్రంగా నెట్టుకొస్తున్న మనిషికి టీబీ మందు మొదలుపెట్టగానే బీపీ పడిపోయి, వాంతులు పట్టుకోవచ్చు. హైడ్రోకార్టిసోన్ వాడుతున్నవాళ్లకి ఆ నెలల్లో మోతాదు పెంచాల్సి వస్తుంది. టీబీ మందు వేడి చేసిందని అందరూ అంటారు. వేడి కాదు, కార్టిసాల్ చాలకపోవడం అయ్యుండొచ్చు.

ఇదే కార్టిసాల్ కుటుంబపు మందు, అంటే స్టెరాయిడ్, మాక్రోఫేజ్‌ల నోరు కూడా మూయిస్తుంది. ఒంట్లో ఇలాంటి గడ్డలే కట్టే సార్కాయిడోసిస్‌లో, విటమిన్ డి మోతాదు మించినప్పుడు, లింఫోమా అనే క్యాన్సర్లు కొన్నిటిలో పెరిగిన కాల్షియాన్ని ప్రెడ్నిసొలోన్ దించేస్తుంది. పారాథైరాయిడ్ గడ్డ వల్ల పెరిగినదాన్ని మాత్రం సాధారణంగా దించలేదు. ఈ తేడానే పరీక్షగా మార్చినవాడు లండన్ వైద్యుడు చార్లెస్ డెంట్, 1956లో. రోగికి పది రోజులు స్టెరాయిడ్ ఇచ్చి కాల్షియం దిగిందా లేదా చూసేవాళ్లు. పీటీహెచ్‌ని మెషీన్ మీద కొలవడం లేని రోజుల్లో అడ్రినల్ హార్మోన్‌తో పారాథైరాయిడ్‌ని పట్టుకోవడం! ఇప్పుడు ఒక గొట్టం రక్తంతో తేలిపోతోంది కాబట్టి ఆ పరీక్ష మూలన పడింది. నాకైతే ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన తెలివితేటలు అవే.

ఇక అవతలి వైపు. కార్టిసాల్ లేకపోవడం అరుదు. ఎక్కువవడం వీధివీధినా ఉంది, ఎందుకంటే దాన్ని గోలీలుగా మింగుతున్నాం. వనస్థలిపురంలో ఉండే మా చిన్నమ్మకి కీళ్లవాతం, రుమటాయిడ్ రకం. ప్రెడ్నిసొలోన్ పది మిల్లీగ్రాములతో మొదలై ఐదుకి దిగి అక్కడే ఆగింది. ఐదు మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ ఇరవై మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్‌కి సమానం, అంటే సుమారుగా మన అడ్రినల్స్ రోజంతా కష్టపడి చేసేంత. చూడ్డానికి చిన్న గోలీ.

ఒకసారి రిపోర్టు పట్టుకుని నా మీదికొచ్చింది.

"ఏందే, రక్తంల కాల్షియం 9.2 ఉందని మీ ల్యాబే ఇచ్చింది గదా. మంచిగనే ఉన్నట్టు గదా. మళ్ల ఈ కాల్షియం గోలీలెందుకు, ఆ డెక్సా స్కానెందుకు?"

"చిన్నమ్మా, అది రక్తం లెక్క. ఎముక లెక్క కాదు. ఎముక చిక్కదనం చూసేది డెక్సా."

"ఎముకల్లది రక్తంల కనవడదా?"

ఇంత సూటి ప్రశ్న నన్ను ఏ డాక్టరూ అడగలేదు. కనబడదు. ఒంట్లో ఉన్న కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. రక్తంలో తిరిగేది ఒక శాతం కన్నా ఎంతో తక్కువ. ఆ కొంచెం సరిగ్గా లేకపోతే గుండె కొట్టుకోవడం, కండరం కదలడం, నరం పలకడం తారుమారవుతాయి. అందుకని ఒళ్లు దాన్ని దేన్నైనా పణంగా పెట్టి కాపాడుతుంది. పణంగా పెట్టేది ఎముకనే.

స్టెరాయిడ్ పేగులో కాల్షియం పీల్చుకోవడాన్ని తగ్గిస్తుంది. మూత్రంలో పోయేదాన్ని పెంచుతుంది. ఈ రెండింటి వల్ల రక్తంలో కాల్షియం కొంచెం తగ్గబోతే పీటీహెచ్ లేచి ఎముకని తవ్వి పూడుస్తుందని చాలాకాలం చెప్పుకున్నారు. వినడానికి గొలుసు చక్కగా ఉంటుంది. కానీ స్టెరాయిడ్ వాడేవాళ్ల రక్తంలో కొలిచి చూస్తే పీటీహెచ్ చాలామందిలో మామూలుగానే ఉంటోంది. మా మెషీన్ మీద చిన్నమ్మది కూడా అంతే. ఇప్పుడు ఎక్కువగా ఒప్పుకుంటున్న మాట ఏంటంటే, స్టెరాయిడ్ అసలు దెబ్బ పీటీహెచ్ చేతుల మీదుగా కాదు, నేరుగా ఎముక కట్టే ఆస్టియోబ్లాస్ట్ కణాల మీద. కొత్తవి తక్కువ పుడతాయి, ఉన్నవి ముందే చస్తాయి. ఎముక తినే ఆస్టియోక్లాస్ట్‌లకి మొదటి నెలల్లో ఇంకాస్త ఊపొస్తుంది. అందుకే మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో నష్టం బాగా వేగంగా ఉంటుంది, అదీ వెన్నుపూసల్లాంటి మెత్తటి ఎముకల్లో ముందు. హార్వే కుషింగ్ తన పేరున్న జబ్బు గురించి 1932లో రాసినప్పుడే ఆ రోగుల వెన్ను కుంగిపోవడం గమనించాడు. వాళ్ల ఒంట్లో అదనపు కార్టిసాల్ సొంతంగా తయారైంది, మనం మందుల షాపు నుంచి తెచ్చుకుంటున్నాం. ఎముకకి ఆ తేడా తెలియదు.

ఇదంతా చెప్పి స్టెరాయిడ్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. 1948లో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో మంచం పట్టిన మనిషికి కార్టిసోన్ ఇచ్చాక ఆమె లేచి నడిచింది. రెండేళ్లకే, 1950లో, కెండల్, రైష్టీన్‌లతో కలిపి ఆయనకి నోబెల్ వచ్చింది. మా చిన్నమ్మ పొద్దున్నే గుప్పిట మూయగలుగుతోందంటే ఆ గోలీ వల్లనే. నా గొడవల్లా రక్తంలో కాల్షియం మామూలుగా ఉందన్న ఒక్క ముక్క చూసి ఎముకని మరిచిపోయేవాళ్లతో. రోజుకి రెండున్నర మిల్లీగ్రాములు, అంతకు మించి, మూడు నెలలు దాటి ప్రెడ్నిసొలోన్ వాడేవాళ్లందరికీ ఎముక విరిగే ముప్పు ఎంతుందో లెక్కగట్టమని అమెరికా రుమటాలజీ కాలేజీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలంటోంది. అంతకుముందు 600 అనేది. అదే సంస్థ పట్టికలో వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాములుంది. చిన్నమ్మ రాగిజావ తాగుతుంది, పెరుగు తింటుంది, అయినా గోలీ వేసుకోక తప్పదు. పేగు సరిగా పీల్చుకోనప్పుడు గిన్నెలో ఎంతుందన్నది సగం లెక్కే.

నల్లగొండ ఫ్లోరైడ్ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ల విషయంలో ఒక తిరకాసు. మర్రిగూడ వైపు ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవాళ్ల ఎముక డెక్సాలో చిక్కగా కనిపించొచ్చు, గట్టిదనం మాత్రం ఆ చిక్కదనానికి తగ్గట్టు ఉండదు. అలాంటివాళ్లు స్టెరాయిడ్ వాడుతుంటే స్కాన్‌లో మంచి అంకె చూసి ధైర్యపడటానికి లేదు. స్కాన్ చేసేవాళ్లు ఏ ఊరని అడగడం నేను పెద్దగా వినలేదు.

గోలీ తెలిసి మింగేవాళ్లు కొంత నయం. మోకాళ్ల నొప్పికి, ఆయాసానికి పేరులేని పొడి పొట్లాలు తినేవాళ్లున్నారు. ముఖం గుండ్రంగా ఉబ్బి, మెడ వెనక కొవ్వు చేరి, చర్మం కాగితంలా పల్చబడి ఉంటారు. చూస్తే కార్టిసాల్ ఎక్కువైన ఆకారం. కొలిస్తే 0.8. పొట్లంలో డెక్సామెథాసోన్ లాంటిది కలిసి ఉంటే మా కార్టిసాల్ పరీక్ష దాన్ని దాదాపు గుర్తించదు, ఒంట్లో అడ్రినల్ మాత్రం నిద్రపోయి ఉంటుంది. ప్రెడ్నిసొలోన్ అయితే తిరగబడుతుంది: పరీక్ష దాన్నీ కొంత కార్టిసాల్‌గానే లెక్కేసి లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. అందుకని శాంపిల్ తీసే అమ్మాయిలకి చెప్పి ఉంచాను: "ఏ గోలీలు వాడుతున్నరు?" అని ఒక్కటే అడగొద్దు, "పొడి, లేహ్యం, ఇంజెక్షన్, పీల్చే మందు ఏమన్నా ఉందా?" అని అడగండి. గోలీలు కాదని పొడి సంగతి చెప్పనివాళ్లు అబద్ధం ఆడటం లేదు, వాళ్ల లెక్కలో అది మందే కాదు. ఎముక దెబ్బతింటుందని భయపడి ఒక్కరోజులో మానేసినా ప్రమాదమే. నిద్రపోయిన అడ్రినల్ అంత త్వరగా లేవదు, మనిషి సూర్యాపేట రైతు స్థితికి జారిపోతాడు. అరుదుగా కాల్షియం కూడా అలాగే పైకెక్కుతుంది. మోతాదు మెల్లగా దించాలి, అదీ డాక్టర్ చెప్పిన మెట్ల మీదుగానే.

ఆల్డోస్టెరోన్ సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. 1955లో జెరోమ్ కాన్ బయటపెట్టిన జబ్బులో అడ్రినల్ ఈ హార్మోన్‌ని అదుపు లేకుండా వదులుతుంది, బీపీ మూడు నాలుగు మందులకి కూడా లొంగదు. ఒంట్లో ఉప్పు నీరు నిండిపోయేసరికి మూత్రపిండపు మొదటి నాళాలు సోడియాన్ని పట్టించుకోవడం మానేస్తాయి, దాంతోపాటు కాల్షియం కూడా మూత్రంలోకి జారుతుంది. ఇది రైతుకి జరిగినదానికి సరిగ్గా తలకిందులు. రక్తంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం కొద్దిగా తగ్గి పీటీహెచ్ లేస్తుంది. ఆ పీటీహెచ్ తిరిగి అడ్రినల్‌ని తట్టి ఇంకాస్త ఆల్డోస్టెరోన్ ఇవ్వమంటుంది. మెడలో గ్రంథులు, నడుము దగ్గర గ్రంథులు ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. ఆ హార్మోన్ వదిలే అడ్రినల్ కణితి తీసేసినా, ఆల్డోస్టెరోన్‌ని అడ్డుకునే స్పైరొనొలాక్టోన్ ఇచ్చినా పీటీహెచ్ దిగుతుంది. పీటీహెచ్ కొంచెం ఎక్కువ, పొటాషియం తక్కువ, బీపీ మొండిది అని ఒకే కాగితం మీద కనిపిస్తే మెడ స్కాన్‌కి పంపేముందు ఆల్డోస్టెరోన్‌ని, దాన్ని నడిపే రెనిన్‌ని చూడటం మంచిదని నా అభిప్రాయం. రాసిచ్చే అధికారం నాకు లేదనుకోండి. రిపోర్టు కింద వ్యాఖ్య రాయమని సారుని సతాయించే అధికారం మాత్రం ఉంది, దాన్ని బాగానే వాడుకుంటున్నాను.

మిగిలింది అడ్రినల్ నడిమధ్య పుట్టే అడ్రినలిన్. పారాథైరాయిడ్ కణాల మీద దానికి తలుపులున్నాయి, తడితే పీటీహెచ్ కొంచెం వస్తుంది. రోజువారీ జీవితంలో అది లెక్కలోకి రాదు. ఫియోక్రోమోసైటోమా అనే అడ్రినల్ కణితి ఉన్నవాళ్లలోనే విషయం తేడా వస్తుంది. కొన్ని కుటుంబాల్లో రెట్ అనే జన్యువులో లోపం తరతరాలుగా దిగుతూ, ఒకే మనిషికి ఆ కణితి, కాల్సిటోనిన్ చేసే థైరాయిడ్ క్యాన్సర్, పారాథైరాయిడ్ పెరుగుదల మూడూ రావచ్చు. అప్పుడు కాల్షియం ఎక్కువొచ్చిందని ముందు మెడ కోయకూడదు. మత్తు ఇచ్చిన బల్ల మీదే అడ్రినలిన్ ఒక్కసారిగా ఎగదన్ని బీపీ ప్రాణం మీదికి తెస్తుంది. మందులతో బీపీని సిద్ధం చేసి అడ్రినల్ కణితిని ముందు తీస్తారు. కొందరిలో పీటీహెచ్‌ని ఎగదోసింది ఆ కణితే, లేదా పీటీహెచ్‌ని పోలిన పదార్థాన్ని అదే వదులుతూ ఉంటుంది, కాబట్టి అది పోయాక కాల్షియం తనంతట తానే దిగిపోతుంది. దిగిందో లేదో తేల్చుకోవడానికి మెడ సర్జన్ తేదీ ఇచ్చేముందు ఇంకో శాంపిల్ మా దగ్గరికి పంపుతారు, పట్టీ ఎక్కువసేపు బిగించొద్దని చీటీ మీద రాసి మరీ.